ఊపిరికి అడ్డురాని ఫ్యాను

ఏసుదానం చేతిలో పాత టూత్ బ్రష్షు ఉంది. కంప్యూటరు క్యాబినెట్ పక్కరేకు విప్పి, లోపలి ఫ్యాను రెక్కల మీద గడ్డకట్టిన మసిని గీకుతున్నాడు. మామూలు దుమ్మయితే గట్టిగా ఊదితే పోతుంది. ఇది బెల్లం మసి. పొయ్యిలో చెరకుపిప్పి మండుతుంటే ఎగిరొచ్చే నల్లటి పెచ్చులూ, పెనం మీంచి లేచే తీపి ఆవిరీ కలిసి దేన్ని పట్టుకుంటే దాన్ని జిగురులా పట్టుకుంటాయి. బ్రష్షు కుచ్చులు ఒరిగిపోతున్నాయి. స్పిరిట్లో తడిపిన గుడ్డతో ఒక రెక్క తుడిచి, దాని అసలు రంగు కనబడ్డాక గానీ రెండో రెక్క మీదికి పోలేదు.

కౌంటరు అవతల రెజీనా నిలబడి ఉంది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"ఎంతసేపు పడతాది బాబాయ్?"

"ముందు రోగం ఏటో తెలవనీయమ్మా."

"రోగం మా ఇంట్లో మంచం మీద ఉంది. ఇది ఆయన గొంతు."

రెజీనా భర్త ఎరిక్‌ని చోడవరంలో ఎరగనివాళ్ళు తక్కువ. బస్టాండు దగ్గర డీటీపీ సెంటరు నడిపేవాడు. దేవరాపల్లి నుంచీ చీడికాడ నుంచీ కూడా పెళ్ళి కార్డులకి ఆయన దగ్గరికే వచ్చేవారు. పేర్లలో ఒక్క తప్పు పోనిచ్చేవాడు కాదు. అలాంటివాడికి నరాల జబ్బు పట్టుకుంది. మొదట చేతిలోంచి మౌసు జారింది, తర్వాత అన్నం ముద్ద జారింది. తర్వాత కాళ్ళు పోయాయి, నాలుక మొద్దుబారింది. ఇప్పుడు కళ్ళు తప్ప ఏవీ కదలవు. విశాఖపట్నం నుంచి పాత స్నేహితులెవరో వచ్చి, షాపులో వాడిన ఆ కంప్యూటరుకే కెమెరా తగిలించి, చూపు ఏ అక్షరం మీద నిలిస్తే ఆ అక్షరం పడేలా ఏర్పాటు చేసేరు. మాట పూర్తయితే స్పీకరు చదువుతుంది. తెర మూల గంట బొమ్మ ఒకటి ఉంటుంది. దాని మీద చూపు ఆనిస్తే గంట మోగుతుంది, ఇంట్లో ఎవరు ఏ మూలనున్నా పరిగెత్తుకొస్తారు.

మనిషి కళ్ళని రెప్పవాల్చకుండా కనిపెట్టుకుని ఉండడం కంప్యూటరుకి మోయలేని బరువు. పొద్దస్తమానం వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఫ్యాను రెచ్చిపోతుంది. ఎరిక్ గదిలో హోరు పిండిమరలో ఉన్నట్టుందని రెజీనా చెప్పింది.

"పడుకున్నప్పుడు ఆపేస్తే?" అని అడిగేడు ఏసుదానం.

"ఆపేస్తే మమ్మల్ని ఎలా పిలుస్తాడు? ఆపకపోతే ఆయన ఊపిరి మాకు ఇనబడదు. గొంతులో కఫం అడ్డంపడితే గురగురమంటాది బాబాయ్. అప్పుడు కళ్ళు కూడా స్థిమితంగా నిలపలేడు, గంట కొట్టలేడు. ఆ సప్పుడు ఇని మేమే లెగాల. మా అత్తయ్య మంచం పక్కన నేలమీద పడుకునేది అందుకే. మొన్న ఆవిడికి ఇనబడలేదు. నేను మంచినీళ్ళకి లెగిసేను కాబట్టి సరిపోయింది. పెదాలు నీలంగా అయిపోనాయి."

కిరాణా సామాన్లు చెప్పినట్టు చెప్పింది. మందుల షాపులో పనిచేస్తుంది. ఎవరి రోగం గురించైనా ఆ గొంతుతోనే చెప్పడం అలవాటైపోయింది.

"హోరు తగ్గాల. మిషిను ఆగకూడదు. అంతే," అంది.

అంతే అన్నది చిన్న మాటే. దాని వెనకున్న రెండు కోరికలూ ఒకదాన్నొకటి తన్నుకునేవి. గాలి తగ్గిస్తే చప్పుడు తగ్గుతుంది, లోపల ప్రాసెసరు కాలుతుంది. గాలి పెంచితే ప్రాసెసరు బతుకుతుంది, మనిషి ఊపిరి ఆ హోరులో కలిసిపోతుంది. ఏసుదానం తలూపి, క్యాబినెట్ మీంచి తీసిన గుడ్డని మడతపెట్టి ఆమెకిచ్చేడు. పాత నేత చీర చింపి కుట్టిన ముసుగు అది. అంచున ఎర్రదారంతో చిన్న సిలువ కుట్టి ఉంది.

"అత్తయ్య కుట్టింది," అంది రెజీనా. "మా ఇంటెనకే బెల్లం పొయ్యి కదా. టీవీకి ముసుగు, కుట్టుమిషనుకి ముసుగు, నీళ్ళ బిందికి ముసుగు. సప్పుడు సెయ్యకుండా ఉన్నదేదైనా కనబడితే సాలు, కప్పెయ్యడమే. నేను ఎక్కువసేపు కదలకుండా కూకోడానికి బయం."

ఏసుదానం నవ్వలేదు. నవ్వు వచ్చేలోపు ఆమె వెళ్ళిపోయింది.

రైవాడ కాలవ పక్క ఊళ్ళో పుట్టేడు ఏసుదానం. బడి మానేసి అనకాపల్లిలో మోటార్ల వైండింగు షాపులో చేరేడు. రాగితీగ చుట్టడం అక్కడే నేర్చేడు. ఎడమ చెవి అక్కడే పోగొట్టుకున్నాడు. పగలంతా పక్కన మోటార్లు అరుస్తుంటే ఆ చెవి మెల్లమెల్లగా మొద్దుబారిపోయింది. తర్వాత చోడవరం వచ్చి సీలింగు ఫ్యాన్లు చుట్టేడు, రేడియోలు బాగుచేసేడు, చర్చిల మైకుసెట్లలో గుయ్యిమనే రొద తీసేడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎవరూ నేర్పలేదు. పాతసామాన్ల కొట్లోంచి ఒకటి తెచ్చి విప్పేడు, పాడుచేసేడు, ఇంకొకటి తెచ్చేడు. మిగిలిన కుడిచెవి మీద ఆయనకి నమ్మకం ఎక్కువ. స్క్రూడ్రైవరు కొన ఫ్యాను మీద ఆనించి, పిడి ఆ చెవికి పెట్టుకుని, బేరింగు ఎండిందో లేదో చెప్పేసేవాడు. ఫ్యాను డబ్బా మీద గాలి ఎంత, చప్పుడు ఎంత అని అచ్చువేసిన అంకెల్ని చదివి పక్కన పెట్టేవాడు. ఆ అంకెలు రాసినవాడు చోడవరంలో బెల్లం పొయ్యి పక్కన కూర్చుని రాయలేదని ఆయన లెక్క.

పక్క షాపు బంగార్రాజు సెల్‌ఫోన్లు అమ్ముతాడు. నోరు ఊరుకోదు. ఆ పూటా వచ్చి కౌంటరు మీద మోచేతులు పెట్టేడు.

"మాఁవా, రంగురంగుల లైట్ల ఫ్యాన్లొచ్చేయి నా దగ్గర. తిరుగుతుంటే తీర్థంలో రంగులరాట్నంలాగుంటాది. ఒకటి పెట్టీ."

"లైటు గాలి విసురుతాదేటిరా?"

"గాలి ఎవడు సూస్తాడు మాఁవా. జనం సూసేది లైటే."

"ఈ గదిలో సూసేవాడికి కళ్ళే మిగిలేయి. ఆటినీ పాడుసెయ్యమంటావేటి? పో, టీ సెప్పు."

బంగార్రాజు ఎవరి కంప్యూటరో అప్పుడు గమనించేడు. మోచేతులు తీసేసి, టీ చెప్పి, తన షాపులోకి పోయి కూర్చున్నాడు.

పాత ఫ్యాను చిన్నది. చిన్న ఫ్యాను చాలినంత గాలి తోయాలంటే పిచ్చెత్తినట్టు తిరగాలి. వేడికి చేటంత తాటాకు విసనకర్రతో నింపాదిగా విసురుకున్నా, అట్టముక్కతో గబగబా విసురుకున్నా ముఖానికి తగిలే గాలి ఒకటే అవ్వొచ్చు. చప్పుడు మాత్రం ఒకటి కాదు. అంచేత పెద్ద ఫ్యాను కావాలి, మెల్లగా తిరగాలి. ఏసుదానం ప్రాసెసరు మీద ఎండి పొడైపోయిన పేస్టు గీకి కొత్తది రాసేడు. ముందు రేకుకి ఉన్న సన్నచిల్లుల జాలీ గాలిని అడ్డుకుని ఈలలు వేయిస్తోందని, దాన్ని రేకు కత్తెరతో గుండ్రంగా కోసి తీసేసేడు. విశాఖపట్నం వెళ్ళి, షాపువాడు విసుక్కుంటున్నా రకరకాల ఫ్యాన్లు చెవి దగ్గర పెట్టుకుని విని, ఒకదాన్ని ఎంచి తెచ్చేడు. రెక్కలు వెడల్పు, బేరింగు నూనెలో తేలుతూ తిరిగే రకం. రేకుకి తగిలి అదరకుండా మూలలకి సైకిలు ట్యూబు ముక్కలు వేసి బిగించేడు. దోమల చక్రం వెలిగించి ముందు పెడితే పొగ వంకర పోకుండా ముందునుంచి లోపలికీ, వెనకనుంచి బయటికీ పోయింది. కుడిచెవి ఆనించేడు. ఏమీ లేదు. మళ్ళీ ఆనించేడు. నిజంగానే ఏమీ లేదు.

తన చేతులతో ఇంత మౌనంగా తిరిగేది ఇంతవరకు చెయ్యలేదు. అది ఆయనకి లోపల గర్వంగానే ఉంది.

ఊరి చివర, చీడికాడ వెళ్ళే రోడ్డు దిగువన ఉంది ఎరిక్ ఇల్లు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు బళ్ళూ ట్రాక్టర్లూ ఎదురొస్తుంటే, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చేడు ఏసుదానం. గుమ్మంలో ఎరిక్ తల్లి కృపామణి ఎదురైంది.

"వందనాలు తమ్ముడూ. రా. నిన్నట్నుంచీ మా వోడు అట్టముక్క మీద అక్షరాలతోనే మాటాడతన్నాడు. నాకు సదువు రాదు కదా, కోడలు షాపుకెల్తే ఇంక వోడికి నోరే నేదు."

గదిలో సీలింగు ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. దాన్ని చుట్టింది ఏసుదానమే, ఎప్పుడో. మంచం మీద ఎరిక్ బాగా తగ్గిపోయి ఉన్నాడు. కంప్యూటరు పెట్టి, తీగలు కలిపి, స్విచ్ వేసేడు. తెర వెలిగింది. ఎరిక్ కళ్ళు అక్షరాల మీద అటూ ఇటూ కదిలేయి. గదిలో అందరూ ఆగేరు. ఆ ఇంట్లో మాట అంటే ఆగడమే.

"బాబాయ్. నీకు ఒక చెవే కదా. సగం చప్పుడే తగ్గించి ఉంటావు," అంది స్పీకరు, వార్తలు చదివినట్టు.

"మిగతా సగం నీ పెళ్ళాం నోరులే, అది నా సేతిలో లేదు," అన్నాడు ఏసుదానం. ఎరిక్ కళ్ళు నవ్వేయి. రెజీనా కూడా నవ్వింది.

కళ్ళు మళ్ళీ కదిలేయి. ఈసారి ఎక్కువసేపు.

"నా జ్ఞాపకార్థ కూడిక కార్డు నేనే కొడుతున్నాను. తారీకు ఒకటే ఖాళీ. ఎవరూ ఫాంటు మార్చకుండా చూడు."

రెజీనా తలగడ సరిచేసింది. ఆ నిశ్శబ్దంలో మొదటిసారి ఎరిక్ ఊపిరి గదంతా వినబడింది. పలచగా, చివర కొంచెం తడిగా.

కృపామణి కంప్యూటరు వైపు తిరిగి అడిగింది. "ఆగిపోనాదేటి తమ్ముడూ?"

"లేదప్పా. తిరుగుతంది."

"ఏటీ ఇనబడదేం?"

"ఇనబడకూడదనే కదా."

ఆ ప్రశ్న ఏసుదానానికి మెప్పులాగే తోచింది. అలవాటు ప్రకారం, విప్పేసిన పాత ఫ్యానుని కాగితంలో చుట్టి రెజీనా చేతిలో పెట్టేడు. ఏ ఇంటి వస్తువులో తీసిన ముక్క ఆ ఇంటికే ఇచ్చెయ్యడం ఆయన పద్ధతి. తిరిగొస్తూ ఆటో వద్దని నడిచేడు.

కొన్నాళ్ళు పోయేక ఒక పొద్దున్న, షాపు తలుపులు తెరుస్తుంటే బంగార్రాజు వచ్చేడు. ఈసారి మోచేతులు ఎక్కడా పెట్టలేదు.

"మాఁవా, ఎరిక్‌ని అనకాపల్లి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసేరంట. మిషిను ఆగిపోయిందంట గదా."

"ఏ మిషిను?"

"నువ్వు సేసిందే."

ఏసుదానం తలుపులు మళ్ళీ మూసేసేడు.

వెళ్ళేసరికి గది మూల కంప్యూటరు ఆరిపోయి ఉంది. రెజీనా చెప్పింది, అదే మందుల షాపు గొంతుతో. ఆ రోజు వెనక పొయ్యి మీద కొత్త పెనం వేసేరు. మసి కిటికీలోంచి పొరలు పొరలుగా వచ్చింది. ఎరిక్ కునుకు తీస్తున్నాడు. కృపామణి అన్నీ కప్పుకుంటూ వచ్చింది. తెర మంచం వైపు తిరిగి ఉంది, ఆవిడకి కనబడలేదు. కంప్యూటరు దగ్గర ఆగి విన్నది. చప్పుడు లేదు. ఇన్నాళ్ళూ ఆవిడకి తెలిసిన లెక్క ఒకటే: హోరుంటే నడుస్తున్నట్టు, హోరు లేకపోతే ఆగినట్టు. ఆగిందానికి ముసుగు వెయ్యాలి. వేసింది, పెరట్లోకి వెళ్ళి బట్టలు ఉతుక్కుంది. ముందు రేకుకున్న ఫ్యాను ముసుగుని లాక్కుని చిల్లుకి అతికించుకుంది. గాలి ఆడక, కాసేపు కాలి, కంప్యూటరు తనంతట తనే ఆగిపోయింది. ఎరిక్ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నల్లటి తెర. గంట బొమ్మ లేదు. ఎంతసేపు అలా ఉన్నాడో తెలీదు. కఫం అడ్డంపడింది. అన్నానికి వచ్చిన రెజీనా చూసి నోట్లో గొట్టం పెట్టి తీసింది. ప్రాణం నిలిచింది. కఫం ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఆసుపత్రిలో ఉంచుకున్నన్నాళ్ళు ఉంచుకుని, ఇంక ఇంటి దగ్గరే చూసుకోమన్నారు.

"మిషిను బాగానే ఉంది బాబాయ్. సల్లారేక వెలిగింది. నేనే ఆపేసేను. నాకు దాన్ని సూస్తే బయమేస్తంది."

కృపామణి మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఏసుదానాన్ని చూసి లేవలేదు.

"నేనే తమ్ముడూ," అంది. "నా సేత్తో నేనే నా కొడుకు నోరు మూసేసేను."

"కప్పింది నువ్వు," అన్నాడు ఏసుదానం. "ఆగినట్టు సేసింది నేను. అడిగేవు కదప్పా ఆ రోజు, ఆగిపోయిందేటి అని. నేను ఇనలేదు."

ఆవిడ తల ఊపింది. ఓదార్చినందుకు కాదు, లెక్క సరిగా చెప్పినందుకు.

"ఆ గుడ్డ పొయ్యిలో పడేసేను," అంది రెజీనా. "ఇంక ఈ గదిలో ఏదీ కప్పడానికి లేదని సెప్పేసేను."

ఏసుదానం కంప్యూటరు వెనక్కి వేలు పెట్టి చూసేడు. వేలికి నల్లగా అంటుకుంది. కప్పవద్దంటే ఈ మసి కొన్ని వారాల్లో ఫ్యానుని మింగేస్తుంది, మళ్ళీ హోరు. కప్పితే ఊపిరాడదు. పైగా, ముసలావిడ చేతులు ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిని మానమంటే రెండు రోజులు మానతాయి, మూడోనాడు మనసు ఎక్కడో ఉన్నప్పుడు మళ్ళీ చేస్తాయి. మనిషి అలవాటుదే తప్పని చెప్పి వస్తువుని అలాగే వదిలేసేవాడు పనివాడు కాడని ఆయన వైండింగు గురువు తిట్టేవాడు. ఆ తిట్టు ఇప్పుడు సరిగ్గా తగిలింది.

"రేపు ఇక్కడికే వచ్చి సేస్తాను. షాపుకి పట్టికెళ్ళను," అన్నాడు. "అప్పా, నీ దగ్గర ఇంకో నేత చీర ఉందా? పాతది, పలచబడింది."

మర్నాడు రెజీనా షాపు మానేసింది. ఏసుదానం ఒక సంచిలో సామాన్లూ, ఇనపచువ్వ వంచి అతికించుకొచ్చిన ఒక చట్రమూ తెచ్చేడు. బుట్టలా బోర్లించి ఉంది అది. క్యాబినెట్ మీద పెడితే అన్ని పక్కలా జానెడు ఎడం. వెనక వేడిగాలి పోయే వైపు మాత్రం ఖాళీ. కృపామణి ఇచ్చిన చీరని దాని మీద పరిచి, సూది ఆవిడ చేతికే ఇచ్చేడు.

"బిగువుగా కుట్టు. ముసుగు ఎప్పుడూ దీని మీదే ఉంటాది. మిషిను నడిసినా, ఆగినా. మసి గుడ్డకి పడతాది, గాలి లోపలికెల్తాది. మురికయితే విప్పి ఉతుక్కో."

"అతుక్కోదా?"

"ఇంత ఎడం ఉంది. ఫ్యాను లాగినా అందదు. గుడ్డ పెద్దది కాబట్టి గాలి అంతటా పలచగా పోతాది."

ఆవిడ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు ఎక్కడా వంకరపోలేదు.

ఇక ఫ్యాను. గుడ్డలోంచి లాగాలంటే మొన్నటి మెత్తని ఫ్యానుకి బలం చాలదు. ఎదురుగా ఏమీ లేకపోతేనే దాని గాలి. ఏసుదానం సంచిలోంచి కొత్త గట్టిరకం ఒకటీ, ఎక్కడో ఆఫీసులో తీసేసిన పెద్ద యంత్రంలోంచి విప్పి ఎన్నాళ్ళుగానో దాచుకున్న మందపాటిది ఒకటీ తీసేడు. కృపామణిని రోజూ పడుకునేచోటే పడుకోమన్నాడు.

"కళ్ళు మూసుకో అప్పా. ఏటి ఇనబడతాదో సెప్పు. నా సెవిని ఇంక నమ్మను."

ముందు కొత్తది బిగించి వేసేడు. ఆవిడ వెంటనే చెయ్యి ఊపింది. "వద్దు. బాబు ఊపిరి పోనాది." మాట అన్నాక దాని అర్థం తనకే వినబడి, పెదవి కొరుక్కుంది. రెజీనా కిటికీ వైపు తిరిగింది.

పోల్చుకోడానికి మొన్నటి మెత్తనిది వేసేడు. "బాబు ఇనబడతన్నాడు. మిషిను నేదు."

మందపాటిది బిగించేడు. దాన్ని జోరుగా తిప్పితే ఈ గది ఎగిరిపోతుంది. అందుకే జోరు తగ్గించే చిన్న మర ఒకటి తీగ మధ్యలో పెట్టేడు. మెల్లగా తగ్గించుకుంటూ వచ్చేడు. ఈల పోయింది. రొద పోయింది. అడుగున లావుపాటి ఒక గుయ్యి మాత్రం మిగిలింది, మూతపెట్టిన కుండలో తుమ్మెదలాగ.

"ఆగు," అంది కృపామణి. "అక్కడ ఆగు."

గదిలో ఎవరూ కదలలేదు. ఎరిక్ ఊపిరి తీసుకున్నాడు. లోపలికి పోతూ గరగర, బయటికి వస్తూ తడి. మళ్ళీ తీసుకున్నాడు. ఇదివరకటి ఊపిరి కాదు అది.

"రెండూ ఇనబడతన్నాయి," అంది ఆవిడ కళ్ళు తెరవకుండా. "ఇది కింద. బాబుది పైన."

ఏసుదానం తెర మీద వేడి ఎంతుందో చూస్తూ కూర్చున్నాడు. కెమెరా ఎరిక్ కళ్ళని కనిపెడుతూనే ఉంది. వేడి ఎక్కి ఎక్కి, ఉండాల్సిన చోటికి కొంచెం పైన ఆగింది. మరని వెంట్రుకవాసి పెంచేడు. మళ్ళీ అడిగేడు. ఆవిడ విన్నది, తల ఊపింది. వేడి దిగి నిలబడింది. ముసుగు చట్రం బోర్లించి ఇంకాసేపు చూసేడు. నిలబడే ఉంది. మర ఎవరి చెయ్యి తగిలినా తిరగకుండా దాని మీద గోళ్ళరంగు చుక్క వేసి ఆరనిచ్చేడు.

ఎరిక్ కళ్ళు కదలడం మొదలైంది. ఇప్పుడు ఒక్కో అక్షరానికీ చాలాసేపు పడుతోంది. మధ్యలో రెప్పలు వాలిపోతున్నాయి. అందరూ ఆగేరు.

"అమ్మ మంచి మెకానిక్," అంది స్పీకరు.

కృపామణి లేచి కూర్చుంది. మళ్ళీ కళ్ళు కదిలేయి.

"కార్డు అయిపోయింది. ఇంకొక్కసారి తప్పులు చూసుకోవాలి. అంతవరకు తిరిగితే చాలు."

"అంతకన్నా ఎక్కువే తిరుగుతాది," అన్నాడు ఏసుదానం. బేరింగు సంగతి ఆయన అబద్ధం చెప్పడు. ఆ మందపాటి ఫ్యాను ఏళ్ళు తిరుగుతుంది. ఎరిక్ అది విని కళ్ళు మూసుకున్నాడు. అర్థమయ్యే మూసుకున్నాడు.

ఊపిరి గదిలో పైకీ కిందికీ నడుస్తోంది. ఏసుదానానికి ఆ తడి చప్పుడు ఒంటి చెవితో కూడా స్పష్టంగా వినబడుతోంది. చెయ్యగలిగినంత నిశ్శబ్దం చేసేక వినబడేది ఇదే. అది ఇంకెన్నాళ్ళు వినబడుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. దానికి ఆయన సంచిలో ఏ పనిముట్టూ లేదు.

నేల మీద పడిన తీగముక్కలు ఏరేడు. సైకిలు ట్యూబు తునకలు, దారం పోగులు ఊడ్చి కాగితంలో వేసేడు. మొన్న తనే ఎంచి తెచ్చిన మెత్తని ఫ్యానుని తుడిచి వేరే కాగితంలో చుట్టేడు.

"ఇది మీదే," అని రెజీనాకి అందించేడు.

రెజీనా పొట్లం అందుకుంది. వెనక పొయ్యి వెలిగించినట్టున్నారు, కిటికీలోంచి మొదటి మసిపెచ్చు తేలుతూ వచ్చి ముసుగు చీర మీద వాలింది. ముగ్గురూ దాన్ని చూసేరు. కృపామణి తుడవడానికి లేవలేదు. మంచం పక్కన తన చోట పడుకుని, కళ్ళు మూసుకుని, వినడం మొదలుపెట్టింది.